కొండదారి 300లో ఆగిపోయాను, 600కు ఎలా సిద్ధం కావాలి?

హెబ్బాళ_వాసి:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం, వయసు 38. చదునైన దారిలో 200 కిలోమీటర్ల బ్రెవేను (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిలు సవారిని) 10 గంటల 50 నిమిషాల్లో ముగించాక ధైర్యం వచ్చి, మార్చి నెలలో కొండదారి 300కు పేరిచ్చాను. హోసూరు, కృష్ణగిరి మీదుగా వెళ్లి ఏలగిరి కొండెక్కి, వెళ్లిన దారినే తిరిగి రావాలి. గడువు 20 గంటలు.

ఉదయం 6 గంటలకు బయలుదేరాను. మొదటి 90 కిలోమీటర్లు సరిగ్గా మూడు గంటల్లో అయిపోయాయి. అంత వేగంగా నేను ఎన్నడూ తొక్కలేదు. ఏలగిరి ఘాట్ మొదలయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. అక్కడ 14 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ఒక్కో మలుపు దగ్గరా పేరు రాసిన పలక ఉంటుంది. తొమ్మిదో మలుపు తర్వాత వెనక గేరు ఇంకా ఏమైనా మిగిలి ఉందేమోనని వేలు దానంతటదే మీటను నొక్కుతూనే ఉంది, కానీ ఏమీ మిగల్లేదు. నిలబడి తొక్కుతూ ఒంటిగంటకు పైకి చేరాను. అక్కడ పెరుగన్నం నోట్లో పెట్టుకుంటే గొంతు దిగలేదు. గంటన్నర కూర్చున్నాను. కిందికి దిగి కృష్ణగిరి వరకు ఎలాగో వచ్చాను గానీ, అక్కడినుంచి శూలగిరి వైపు ఎక్కుతుండగా ఎడమ మోకాలు పట్టేసింది. సర్వీసు రోడ్డు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేశాను.

ఈ సీజనులో 200, 300, 400, 600 నాలుగూ పూర్తి చేసి సూపర్ రాండొన్యూర్ కావాలన్నది నా కోరిక. 600 దారిలో సేలం దగ్గరి ఏర్కాడు కొండ కూడా ఉంది. బెంగళూరు దగ్గరి నందికొండను వారానికి రెండుసార్లు ఎక్కితే సరిపోతుందా? ఇంకేం మార్చుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాత్రి_రౌతు:

హెబ్బాళ_వాసి గారూ, ఇంత వివరంగా రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. సగం జవాబు మీ మాటల్లోనే ఉంది. మీరు ఓడిపోయింది ఏలగిరి మీద కాదు, హోసూరుకూ కృష్ణగిరికీ మధ్య.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, కృష్ణగిరి అందులో సగానికి కొంచెం పైన ఉంటుంది. కాబట్టి పొద్దున మీరు తొక్కినదంతా మొత్తం మీద దిగుడు దారి. ఆ దిగుడులో గంటకు 30 కిలోమీటర్లు వచ్చిందంటే అది మీ కాళ్ల గొప్పతనం కాదు, నేల చేసిన సాయం. దానికి తోడు మీరు కూడా గట్టిగా తొక్కి ఉంటారు. ఆ అదనపు శ్రమ దాదాపు మొత్తం గాలిని చీల్చడానికే పోతుంది, ఎందుకంటే వేగం రెట్టింపయితే గాలిని తోయడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఎక్కుడులో గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు గాలి లెక్కలోకే రాదు, పెట్టిన శక్తి అంతా ఎత్తుగా మారుతుంది. అందువల్ల కూడబెట్టుకోవలసింది దిగుడులో, ఖర్చు పెట్టవలసింది ఎక్కుడులో. మీరు తలకిందులుగా చేశారు. నేను కూడా మొదటి రెండేళ్లు అదే చేశాను.

ఇక గడువు సంగతి. 600 వరకు బ్రెవేల గడువు సగటున గంటకు 15 కిలోమీటర్లే: 200కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఏలగిరి పైన కంట్రోలు, అంటే హాజరు వేయించుకోవలసిన చోటు, దాదాపు 150 కిలోమీటర్ల దగ్గర ఉందనుకుంటే అది మూసేది బయలుదేరిన 10 గంటలకు. మీరు ఏడు గంటల్లో అక్కడున్నారు. మూడు గంటలు చేతిలో పెట్టుకుని కూడా ఆగిపోయారంటే అవి ఒంటినుంచి అప్పు తెచ్చిన గంటలు.

రెండు విషయాలు చెప్పండి. మీ సైకిలుకు గేర్లు ఏమున్నాయి? ఆ రోజు చక్రం కదలకుండా ఉన్న సమయం మొత్తం ఎంత?

హెబ్బాళ_వాసి:

ముందు 50, 34 పళ్లు. వెనక 11 నుంచి 28. నా బరువు 74 కిలోలు, సంచులు, నీళ్లతో కలిపి సైకిలు 14 కిలోలు. జీపీఎస్ చూస్తే ఆగి ఉన్న సమయం 3 గంటల 20 నిమిషాలు. అందులో పైన కూర్చున్న గంటన్నర తీసేసినా ఇంకా దాదాపు రెండు గంటలు ఎక్కడ పోయాయో నాకే తెలియడం లేదు.

బేరింగు_గ్రీజు:

గేర్ల గురించి నేను చెబుతాను. జయనగర్‌లో చాలాకాలంగా సైకిళ్లు బాగుచేస్తున్నాను. మోకాలి నొప్పితో వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి వెనక 28 పళ్లే ఉంటాయి.

మీ బరువు, సైకిలు బరువు కలిపి 88 కిలోలు. 9 శాతం వాలున్న చోట ముందు 34, వెనక 28 మీద నిమిషానికి 60 తిప్పులు తిప్పితే వేగం గంటకు 9 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగానికి దాదాపు 210 వాట్లు కావాలి. వెనక 34 పళ్లు ఉంటే అవే 60 తిప్పులకు వేగం ఏడున్నర దగ్గర ఉంటుంది, 175 వాట్లు సరిపోతాయి. 210 వాట్లు పెట్టలేనప్పుడు మీరేం చేస్తారు? తిప్పులు 45కు పడతాయి, ఒక్కో తొక్కుడులో మోకాలి మీద పడే బలం పెరుగుతుంది, చివరికి నిలబడతారు. తొమ్మిదో మలుపు దగ్గర జరిగింది అదే. తిరుగుదారిలో ఆ మోకాలు దాన్ని తిరిగి వసూలు చేసుకుంది.

క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఒక్కటే మార్చేస్తే పని అయిపోతుందని అనుకోకండి. మీ వెనక డిరైల్యూర్ (గొలుసును ఒక గేరునుంచి మరో గేరుకు జరిపేది) పంజరం పొట్టిదైతే 34 పళ్ల చక్రాన్ని మోయలేదు, పైచక్రం క్యాసెట్‌కు తగిలి గరగరమంటుంది. పొడుగు పంజరం ఉన్నది వేయాలి, గొలుసు కూడా పొడుగుది కొత్తగా వేయాలి. గొలుసు పొడవు చూసేటప్పుడు ముందూ వెనకా పెద్ద చక్రాల మీద ఒకేసారి వేసి చూడండి. ఆ స్థితిలో డిరైల్యూర్ చెయ్యి ముందుకు బిర్రుగా లాక్కుపోయి ఉంటే గొలుసు పొట్టి. ఘాట్ మధ్యలో పొరపాటున ఆ గేరు పడితే డిరైల్యూర్ విరిగి చువ్వల్లోకి పోతుంది. నేను అలాంటి బండిని చూశాను, చక్రం కూడా మిగల్లేదు.

తెల్లవారుజాము:

నేను ఈ వేదికలో ఎక్కువగా రాయను. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఇంటిపని మధ్య రెండు సీజన్లు సూపర్ రాండొన్యూర్ పూర్తి చేశాను కాబట్టి, సమయం తక్కువ ఉన్నవారి తరఫున చెబుతాను. మాది ఎలహంక, అంటే నంది నాకు దగ్గర.

వారానికి రెండుసార్లు నంది మంచిదే, కానీ ఎలా ఎక్కుతున్నారన్నది ముఖ్యం. కొండ సుమారు ఏడున్నర కిలోమీటర్లు, ఎత్తు నాలుగు వందల మీటర్లకు పైగా. పై భాగంలో వాలు పెరుగుతుంది. మనవాళ్లు ఎక్కువమంది 40వ మలుపు వరకు ఎంత సమయం పట్టిందో చూసుకుని, క్రితంసారి కంటే ఒక నిమిషం తగ్గితే సంతోషపడతారు. 25 నిమిషాలో 35 నిమిషాలో ఒళ్లంతా ఊడ్చి తొక్కడం, ఆ తర్వాత దోసె తిని ఇంటికి రావడం బ్రెవేకు తయారీ కాదు. నేను ఒకే ఉదయం రెండుసార్లు ఎక్కుతాను. షరతు ఒకటే: రెండోసారి మొదటిసారి కంటే నెమ్మదించకూడదు. మొదట్లో ఇది చాలా కష్టమైంది, ఎందుకంటే మొదటిసారి ఎక్కేటప్పుడు పక్కనుంచి అందరూ దాటిపోతుంటే ఊరుకోవాలి. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మధ్యలో రొప్పకుండా చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. అరటిపండు జేబులోనే ఉంచుకోండి, పైన కోతులు చేతిలోనుంచి లాక్కుంటాయి.

తొక్కుడు వాట్లను చూపే పవర్ మీటర్ ఉన్నవారు 20 నిమిషాలు స్థిరంగా తొక్కగలిగిన గరిష్ఠ సగటులో 95 శాతాన్ని తమ ఎఫ్‌టీపీగా, అంటే దాదాపు గంటసేపు నిలుపుకోగల శక్తిగా, తీసుకుంటారు. వారం మధ్యలో ఒకరోజు ఇంట్లో సైకిలును నిలిపి తొక్కే ట్రైనర్ మీద దానిలో 88 నుంచి 94 శాతం మధ్య 15 నిమిషాల చొప్పున మూడుసార్లు తొక్కుతాను. పిల్లలు లేచేలోపు అయిపోతుంది. మరో ఉదయం నంది. శనివారం నాలుగైదు గంటలు తేలిగ్గా. ఆదివారం, అలసిన కాళ్లతో, మరో మూడు గంటలు. రెండోరోజు బద్ధకంగా మొదలై గంట తర్వాత కాళ్లు తెరుచుకోవడం అనుభవించినవారికి 600లో రెండో ఉదయం భయపెట్టదు. నాలుగో వారం అన్నింటినీ సగానికి తగ్గించండి. అలా తగ్గించని ఏడాది నాకు జ్వరం వచ్చి 400 పోయింది.

ఒక మనవి. చీకట్లో ఒంటరిగా బయలుదేరలేని ఆడవాళ్లు ఈ వేదికలో చాలామంది చదువుతుంటారు. వారు తమ దారినీ సమయాన్నీ ముందురోజే ఇక్కడ చెబితే తోడు దొరుకుతుంది, నాకు అలాగే దొరికింది.

చింతామణి_దారి:

తెల్లవారుజాము గారు చెప్పినదాన్ని గౌరవిస్తూనే నందిమీద ఇంత నమ్మకం పెట్టుకోవడంతో విభేదిస్తున్నాను. బ్రెవేలో ఒక పెద్ద కొండ ఎవరినీ ఆపదు, ఎందుకంటే దానికి అందరూ మనసులో సిద్ధపడే వస్తారు. ఆపేది శూలగిరి లాంటి పేరులేని ఎక్కుళ్లు. పారిస్-బ్రెస్ట్-పారిస్ సంగతి చూడండి. 1891లో పుట్టిన ఆ సవారి ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది, గతంది 2023లో అయింది. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. ఆ దారిలో మన ఊటీ లాంటి కొండ ఒక్కటీ లేదు, అయినా చిన్న చిన్న ఎత్తుపల్లాలు కలిసి 10 వేల మీటర్లు దాటుతాయి. సూపర్ రాండొనే 600 అని మరొకటి ఉంది, అది 600 కిలోమీటర్లలోనే కనీసం 10 వేల మీటర్లు ఎక్కించాలి. రెండూ కష్టమే, కానీ ఒకే కష్టం కాదు.

కాబట్టి దొడ్డబళ్లాపురం, ఘాటి సుబ్రహ్మణ్య చుట్టుపక్కల ఊళ్ల దారులు తిరగండి. అక్కడ రోడ్డు ఐదు నిమిషాలు ఎక్కి మూడు నిమిషాలు దిగుతూ ఉంటుంది. ప్రతి చిన్న ఎక్కుడును తన్నుకుంటూ దాటాలన్న కోరికను అణచడం అక్కడే నేర్చుకోవాలి. ఇంకొంచెం దూరం పోగలిగితే హోసకోటె, చింతామణి మీదుగా మదనపల్లె వెళ్లి, మరుసటిరోజు హార్సిలీ హిల్స్ ఎక్కండి. మన వాళ్లు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. మదనపల్లె నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. ఊటీ అంత రద్దీ లేదు, దారిలో తెలుగులో నీళ్లడిగి తాగవచ్చు, ఆ మాట నాకు చాలా విలువైనది.

పానకం:

ఇంతవరకు తిండి గురించి ఎవరూ రాయలేదు. హెబ్బాళ_వాసి గారికి పెరుగన్నం గొంతు దిగకపోవడం ఈ చర్చలో అసలు విషయమని నా అభిప్రాయం. నేను ఆహారశాస్త్రం చదువుకున్నాను, చెన్నైలో ఉంటాను కాబట్టి ఎండ సంగతి కొంత తెలుసు.

ఎండలో గట్టిగా తొక్కుతున్నప్పుడు రక్తానికి రెండు పనులు పడతాయి: కండరాలకు వెళ్లాలి, ఒంటి వేడిని బయటికి పంపడానికి చర్మానికీ వెళ్లాలి. మధ్యలో పొట్టకు రక్తం తగ్గుతుంది. ఆ స్థితిలో అన్నం పెడితే అది అక్కడే కూర్చుంటుంది. ఆకలి వేసేదాకా ఆగి కొండపైన భోజనం చేద్దామనుకోవడం వల్లనే మనలో చాలామంది మధ్యాహ్నం పడిపోతారు. తినవలసింది పొద్దున మొదటి గంటనుంచి, కొంచెం కొంచెంగా.

గంటకు 60 గ్రాముల పిండిపదార్థం చాలామంది పేగులు తట్టుకుంటాయి. గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ కలిస్తే అవి వేరువేరు దారుల్లో లోపలికి వెళ్తాయి కాబట్టి, అలవాటు చేసుకున్నవారు 90 వరకు పోగలరు. మనకు ఖరీదైన జెల్‌లు అక్కర్లేదు. బెల్లంలో ఉండేది ప్రధానంగా సుక్రోజు, అంటే సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. శ్రీరామనవమికి చేసే పానకమే ఇది. 750 మిల్లీలీటర్ల సీసాలో 50 గ్రాముల బెల్లం కరిగించి, గుడ్డతో వడగట్టి, అర చెంచా కంటే తక్కువ ఉప్పు, చిటికెడు శొంఠి వేస్తాను. మిరియాలు వద్దు, ఎండలో గొంతు మండుతుంది. గుడ్డతో వడగట్టకపోతే బెల్లంలోని నలకలు సీసా మూతిలో ఇరుక్కుంటాయి. రెండు సీసాల్లో ఒకటి పానకం, ఒకటి మామూలు నీళ్లు. గంటకొక అరటిపండు దానికి తోడు. వేరుశనగ చిక్కీ మంచిదే గానీ అందులో నూనె ఎక్కువ, ఘాట్‌కు గంట ముందు తినకండి.

ఓఆర్ఎస్ గురించి ఒక అపోహ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. అది పోయిన నీళ్లనూ లవణాలనూ తిరిగి ఇస్తుంది గానీ ఆకలి తీర్చదు. ఓఆర్ఎస్ తాగుతున్నాను కదా అని తినడం మానేసినవారిని నేను చాలామందిని చూశాను. అలాగే ఉప్పులేని నీళ్లే లీటర్లకొద్దీ తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతి, ఆ తర్వాత అయోమయం వస్తాయి. చేతి ఉంగరం బిగుసుకుపోతుంటే తాగడం తగ్గించి ఉప్పగా ఏదైనా తినండి.

రాత్రి_రౌతు:

పానకం గారి మాటలకు అడ్డుచెప్పేదేమీ లేదు. నేను దిగుడు గురించీ రాత్రి గురించీ కొంత చేర్చాలి. ఘాట్‌లో జరిగే ప్రమాదాలు ఎక్కువగా దిగేటప్పుడే.

88 కిలోల బరువు ప్రతి 100 మీటర్లు దిగినప్పుడల్లా 86 వేల జౌళ్ల శక్తి బయటపడుతుంది. అందులో గాలి తీసుకోనిదంతా బ్రేకులే వేడిగా మార్చాలి. బ్రేకును సన్నగా పట్టుకునే ఉంటే చల్లారే వ్యవధి దొరకదు. తిన్నని భాగంలో వదిలి, మలుపుకు ముందు రెండింటినీ గట్టిగా పట్టి, మలుపులోకి వెళ్లేటప్పటికి వదిలేయాలి. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్లట్టి దారిలో 36 మలుపులున్నాయి, చాలాచోట్ల వాలు చాలా ఎక్కువ. అలాంటి చోట చేతులు లాగుతుంటే సిగ్గుపడకుండా ఆగి, రిమ్మును ముట్టుకోకుండా, రెండు నిమిషాలు నిలబడండి.

600లో 40 గంటలున్నాయి కాబట్టి ఒక రాత్రి తప్పదు. కళ్లు మూతపడుతుంటే కాఫీ మీద ఆధారపడకండి. పెట్రోలు బంకులో వెలుతురున్న చోట 20 నిమిషాలు పడుకుని లేవడం, గంటసేపు తూలుతూ తొక్కడం కంటే తొందరగా ముగుస్తుంది. ఏర్కాడుకు సేలం వైపునుంచి ఎక్కితే 20 మలుపులు. ఆ ఎక్కుడు మీ లెక్కలో చీకటిపడ్డాక వస్తుందో, మధ్యాహ్నం వస్తుందో ఇప్పుడే చూసుకోండి. మధ్యాహ్నం వస్తుంటే కింద సేలంలో నీడన గంట ఆగి, ఎండ దిగాక ఎక్కండి. ఆ గంట ఇవ్వడానికే మీకు గడువు ఉంది.

మీకు తెలియకుండా పోయిన ఆ రెండు గంటలు కూడా చెబుతాను: సీసా నింపడానికి 12 నిమిషాలు, ఫొటోకు 5, టీకి 20, అక్కడికి వచ్చినట్టు రుజువుగా చూపే రసీదు కోసం దుకాణం వెతకడానికి 10. ఇవే రెండుమూడుసార్లు జరిగితే రెండు గంటలు. ఆగేముందు చేయవలసిన పనులను మనసులో వరసగా చెప్పుకోండి, అవి అయిపోగానే కదలండి.

హెబ్బాళ_వాసి:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. బేరింగు_గ్రీజు గారు చెప్పినట్లు పొడుగు పంజరం, 11-34 క్యాసెట్, కొత్త గొలుసు వేయించాను. గత శనివారం చింతామణి మీదుగా మదనపల్లెకు 120 కిలోమీటర్లు తొక్కి మా మేనత్త ఇంట్లో పడుకున్నాను. దారంతా ఎక్కడా రొప్పకుండా వచ్చాను, చాలామంది నన్ను దాటిపోయారు. ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి ఏనుగు మల్లమ్మ కొండను రెండుసార్లు ఎక్కాను. మొదటిసారి 58 నిమిషాలు, రెండోసారి 59. రెండో ఎక్కుడులో చివరి గేరు ఇంకా ఒకటి మిగిలే ఉంది. అది మిగిలి ఉందని చూసి కలిగిన ఊరటను ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మేనత్త బెల్లం వడగట్టి ఇచ్చింది. రెండు సీసాలూ అయిపోయాయి, పైన ఉప్మా తినగలిగాను. ఆగి ఉన్న సమయం రెండో రోజు మొత్తం 41 నిమిషాలు. మోకాలు నొప్పి లేదు. దిగేటప్పుడు మాత్రం ముందు బ్రేకు నుంచి సన్నగా కీచుమన్న శబ్దం వచ్చింది.

బేరింగు_గ్రీజు:

ప్యాడ్లు తీసి వెలుతురులో చూడండి. మెరుస్తుంటే పైపొర వేడికి గట్టిపడినట్టు, సన్నని గరుకు కాగితంతో కొద్దిగా రుద్దండి. గాడి కనిపించకుండా అరిగి ఉంటే రుద్దకండి, మార్చేయండి. 400కు ముందు ఎలాగూ మార్చాలి.

హెబ్బాళ_వాసి:

గాడి అరిగిపోయింది, రేపే మారుస్తాను. వచ్చే శనివారం ఘాటి సుబ్రహ్మణ్య వైపు 150 కిలోమీటర్లు, తేలిగ్గా. ఉదయం నాలుగున్నరకు హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ఉంటాను. ఎవరైనా వస్తారా?

తెల్లవారుజాము:

నేను వస్తాను, మా ఆఫీసులో కొత్తగా మొదలుపెట్టిన ఒక అమ్మాయిని కూడా తీసుకొస్తాను. ఎలహంక దగ్గర కలుస్తాం, ఐదుంపావుకు.